ఇంకొక మాట



ఈ నెల నేను మీకు వాక్యభాగమేదియు వివరింపబూనలేదు. నా వలన జరిగిన ఒక తప్పిదమును గూర్చియు, దాని వెనుక మా సంఘములో ప్రారంభమైన ఒక చిన్న పనిని గూర్చియు చెప్పదలచితిని. ముసలివారు లేని సంఘము లేదు గనుక ఇది మీకును పనికివచ్చునని నా నమ్మకము.

2019వ సంవత్సరము ఎండకాలములో మా సంఘపు పెద్దాయన ఒకరు మంచము పట్టెను. ఆయనకు 78 ఏండ్లు. కూలిచేసి కొద్దిపాటి నేల సంపాదించుకొనినవాడు. 30 ఏండ్లు మా గుడి గంట కొట్టినవాడు. భార్య గతించినది. కుమారుడు హైదరాబాదులో తాపీపని చేసికొనుచు పిల్లలతో అక్కడనే యుండెను. ఈయన కూతురింటి వసారాలో నులకమంచము మీద పరుండియుండగా నేను నెలకొకమారు వెళ్లి సంస్కారమిచ్చి వచ్చుచుంటిని.

ఆ దినమున సంస్కారమైన తరువాత ఆయన నా చేయి పట్టుకొని, "అయ్యగారూ, ఇంక చాలనిపిస్తంది" అనెను. నేను వెంటనే, "అట్లా అనగూడదు పెద్దయ్యా, దేవుడు మేలు చేస్తాడు, ప్రార్థన చేసుకుందాం" అంటిని. ప్రార్థించితిని గాని, ఆమేన్ అనకమునుపే నా మనస్సు పొరుగూరి పెండ్లి మీదికి పోయెను. నేను చెప్పులు తొడుగుకొనుచుండగా ఆయన, "అయ్యగారూ, ఇంకో మాట" అనెను. "మళ్లీ వస్తాగా పెద్దయ్యా, అప్పుడు చెబుదువులే" అని బండి ఎక్కితిని.

20 దినములకు ఆయన ప్రభువునందు నిద్రించెను. ఆ మధ్య నేను వెళ్లలేదు.

భూస్థాపన సమయమున ఒక వృద్ధుడు అందరికి దూరముగా నిలువబడియుండెను. అందరు వెళ్లిన తరువాత నా యొద్దకు వచ్చి, "మా అన్న నన్ను గురించి ఏమన్నా అన్నాడా అయ్యగారూ?" అని అడిగెను. నాకు తెలియదంటిని. ఆ సాయంకాలము కూతురు సంగతి చెప్పెను. ప్రక్కపల్లెలోని ఆ తమ్మునికిని అన్నకును 12 సెంట్ల గట్టు విషయమై తగవు వచ్చి, 31 ఏండ్లు మాటలు లేవట. "రోజూ పొద్దుగూకే వేళకి అయ్యగారు వస్తున్నారా అని అడిగేవాడండీ. నేను కబురు పంపిస్తా నాన్నా అంటే వద్దన్నాడు. అయ్యగారు చెబితేనే వాడొస్తాడు అన్నాడు" అని ఆమె ఏడ్చెను.

మరునాడు నేను ప్రక్కపల్లెకు వెళ్లి, "మీ అన్న నిన్ను పిలిపించుకోవాలనుకున్నాడు" అని చెప్పితిని. అతడు చాలసేపు నేల చూచి, "పిలిచి ఏమందామనుకున్నాడండీ? తిడదామనా, కలుపుకుందామనా?" అని అడిగెను. నా యొద్ద జవాబు లేదు. ఆ జవాబు ఒక్క మనుష్యుని నోట ఉండెను. దానిని వినుటకు నేను నిలువలేదు.

చదువరులారా, నేను వేదాంత కళాశాలలో గ్రీకు భాష నేర్చుకొంటిని, ప్రసంగశాస్త్రము నేర్చుకొంటిని. మరణించినవానిని ఎట్లు పాతిపెట్టవలెనో క్రమగ్రంథములో వ్రాసియున్నది. ముసలివాడు బ్రదికియుండగా అతని ప్రక్కన ఎట్లు కూర్చుండవలెనో నేను నేర్చుకొనలేదు. మన తెలుగు బైబిలులో పరిశుద్ధాత్మకు ఆదరణకర్త అను పేరున్నది. దానికి మూలమైన గ్రీకు మాటకు ప్రక్కకు పిలువబడినవాడు అని అర్థము. పరీక్షలో ఆ అర్థము వ్రాసి మార్కులు తెచ్చుకొంటిని. నన్ను ప్రక్కకు పిలిచినప్పుడు మాత్రము బండి ఎక్కితిని.

ఆ తరువాత 2020, 2021 సంవత్సరములలో కరోనా వచ్చెను. తలుపులు మూసికొనిన ఇండ్లలో ముసలివారు ఒంటరిగా కూర్చుండుట మనమందరము చూచితిమి. అప్పటినుండి ఈ భారము నన్ను విడువలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశములో 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. మన పల్లెలలో చదువుకొనిన బిడ్డలు హైదరాబాదునకో, బెంగుళూరునకో, గల్ఫు దేశములకో పోవుచున్నారు. వారిని తప్పుపట్టను. ఇంట మిగిలినది తల్లిదండ్రులును, గోడమీది పటములును. మన ఆంధ్ర రాష్ట్రములో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు అయినది. అందునుబట్టి దేవునికి స్తోత్రము. ఒకటవ తేదీకొరకు మా ముసలివారు ఎదురుచూచుట డబ్బుకొరకే కాదని కొన్నాళ్లకు గ్రహించితిని. ఆ దినమున ఒక మనుష్యుడు గడప యొద్దకు వచ్చి వారిని పేరుపెట్టి పిలుచును.

నాకున్నవి 9 గ్రామములు. నేనొక్కడనే అందరి మంచముల ప్రక్కన కూర్చుండజాలను. మోషే ఒంటరిగా నలిగిపోవుట చూచి అతని మామ యిత్రో చెప్పిన ఆలోచన మీరెరుగుదురు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో ఏడుగురిని ఏర్పరచినది దేనికొరకు? దినదిన పరిచర్యలో విధవరాండ్రు విడువబడుచుండిరని సణుగు పుట్టినందుకే గదా. కావున 2023లో శ్రమదినముల కాలమున మేమును ఏడుగురిని ఏర్పరచితిమి.

ఇక్కడ నేను మొదటి పొరపాటు చేసితిని. చక్కగా మాటలాడువారిని, దీర్ఘముగా ప్రార్థించువారిని కోరుకొంటిని. రెండు వారములలోనే తెలిసినది. వారిలో ఇద్దరు ముసలివారి యెదుట కూర్చుండి ప్రసంగములు చేసిరి. ఒక అవ్వ, "ఆదివారం గుడిలో ఇంటన్నానుగా, మళ్లీ ఇక్కడ కూడానా" అనెనట. ఆ ఇద్దరికి మేము ఆదివారపు బడి అప్పగించితిమి. వారి స్థానములో ఎవరును లెక్కచేయని ఒక విధవరాలిని, టైలరు పని చేయు ఒక యౌవనస్థుని తీసికొంటిమి. మిగిలిన ఐదుగురిలో ఒకరు ఆశా కార్యకర్త, మరియొకరు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు.

మానసిక వైద్యశాలలో చాల ఏండ్లు పనిచేసిన ఒక నర్సమ్మగారు మాయందు దయయుంచి 12 శనివారములు వచ్చి నేర్పిరి. పట్టణములలో దీనిని కౌన్సెలింగు అందురు. మేము వేయి రూపాయల పుస్తకములేవియు కొనలేదు. మేము నేర్చుకొనిన సంగతులను మీకొరకు వ్రాయుచున్నాను.

మొదటి పాఠము కూర్చుండుట. ఆమె ఆ టైలరు అబ్బాయిని మంచము మీద పండుకొనబెట్టి, చెవులలో దూది పెట్టి, కండ్లజోడుకు నూనె పూసి తొడిగి, మమ్మును అతని పరామర్శింపుమనిరి. మేము నిలువబడి మాటలాడితిమి. కొంతసేపటికి అతడు లేచి, "మీరంతా నా మీదుగా మాట్లాడుకున్నారు గాని నాతో మాట్లాడలేదు" అనెను. ముసలితనములో చెవికి సన్నని స్వరములు ముందుగా వినబడకపోవును. కావున కేకలు వేసినంత మాత్రమున ప్రయోజనము లేదు. టీవీ ఆపి, వెలుతురు మన ముఖము మీద పడునట్లు ఎదురుగా కూర్చుండి, గొంతు తగ్గించి, నిదానముగా మాటలాడవలెను. 80 ఏండ్ల బర్జిల్లయి దావీదు రాజుతో తనకు తిండి రుచి తెలియుటలేదనియు, పాటలు వినబడుటలేదనియు చెప్పుకొనెను. దావీదు అతని గద్దింపలేదు, బలవంతపెట్టలేదు. ముద్దుపెట్టుకొని దీవించి పంపెను.

రెండవ పాఠము వినుట. ముసలివారు ఒకే కథ మరల మరల చెప్పుదురని మనము విసుగుకొందుము. 1963లో రాబర్ట్ బట్లర్ అను అమెరికా దేశపు మానసిక వైద్యుడు దీనిని గూర్చి వ్రాసెను. మరణము సమీపించినదని తెలిసిన మనుష్యుడు తన జీవితమును వెనుకకు తిరిగి చూచుకొనుట సహజమనియు, తీరని సంగతులను తీర్చుకొనుటకు మనస్సు అట్లు చేయుననియు ఆయన చెప్పెను. ఇది విని నాకు ఆదికాండము 48వ అధ్యాయము జ్ఞాపకము వచ్చెను. యోసేపు తన కుమారులిద్దరిని దీవెనకొరకు తండ్రియొద్దకు తీసికొనివచ్చెను. యాకోబు దీవెన మాటలాడుచు మధ్యలో ఆపి, ఎన్నో ఏండ్ల క్రిందట ఎఫ్రాతా మార్గమున రాహేలు చనిపోయిన సంగతి ఎత్తెను. దీవెనతో ఆ సంగతికేమి పని? నేను పలుమారులు ఆ వచనమును దాటి చదివితిని. యోసేపు తండ్రి మాటకు అడ్డురాలేదు. కథ మరల వచ్చుచున్నదనిన, దానిలో ఇంకను చెప్పనిదేదో మిగిలియున్నదన్నమాట. "తరువాత ఏమైంది?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరకుండవలెను.

మూడవ పాఠము రోగమును గుర్తించుట. దుఃఖము వేరు, క్రుంగుదల అను వ్యాధి వేరు. ముసలితనముతోపాటు క్రుంగుదల వచ్చి తీరవలెనని లేదు. అది వైద్యముతో నయమగు వ్యాధి. ముసలివారిలో అది ఏడ్పుగా కనబడక నొప్పులుగా, నిద్రలేమిగా, అన్నము సహింపకుండుటగా, గుడికి రాబుద్ధిపుట్టకుండుటగా కనబడవచ్చును. దానిని కనిపెట్టుటకు అవును, కాదు అని చెప్పదగిన 15 ప్రశ్నల పట్టిక ఒకటి వైద్యులు వాడుదురు. మేము వైద్యులము కాము గనుక, రెండు వారములు ఈ గురుతులు కనబడినయెడల ఆసుపత్రికి తోడుగా వెళ్లుటయే మా పని. బదరీవృక్షము క్రింద చావుకోరిన ఏలీయాకు దేవుడు మొదట ప్రసంగము పంపలేదు. నిద్రయు, రొట్టెయు, నీళ్లును రెండుమారులు ఇచ్చెను. మాటలాడినది ఆ తరువాతనే.

నిన్నటివరకు బాగున్న మనిషి ఒకటి రెండు దినములలో తికమకగా మాటలాడిన, అది ముసలితనమని ఊరకుండరాదు. ఒంటిలో చీడో, నీరు చాలకనో, మందుల వలననో కావచ్చును. వెంటనే డాక్టరునకు చూపవలెను. మతిమరుపు వ్యాధి అట్లుకాక మెల్లమెల్లగా వచ్చును. అట్టివారితో వాదింపరాదు. మా యూరిలో ఒక అవ్వకు కుమారుని పేరు మరపునకు వచ్చినది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని పాట ఎత్తిన మాత్రము చరణములన్నియు తప్పక పాడును. మా విధవరాలు శుక్రవారమున వెళ్లి పాట అందించును. ఆ అరగంట ఆ యింట ఎవరును ఎవరిమీదను కేకలు వేయరు.

నాల్గవ పాఠము నాకు కష్టమైనది. ముసలివారు "ఇంక చాలు" అనిన ఏమి చేయవలెను? నర్సమ్మగారు, "సూటిగా అడగండి" అనిరి. చచ్చిపోవాలనిపిస్తోందా, ఏమైనా చేసుకోవాలనుకుంటున్నావా అని మెల్లగా అడుగవలెనట. అడిగినంత మాత్రమున ఆ తలంపు పుట్టదు. లోపల దాగియున్నది బయటికి వచ్చుటకు త్రోవయగును. అవుననిన ఒంటరిగా విడువరాదు. పురుగులమందు ఇంటనుండి తీసివేసి తాళము వేయవలెను. ఇంటివారికి చెప్పి, ఆలస్యము చేయక డాక్టరునొద్దకు తీసికొనిపోవలెను. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ అను సహాయమునకు 14416 నెంబరు. తెలుగులోనే మాటలాడవచ్చును, డబ్బు కట్టనక్కరలేదు. వృద్ధులకొరకు ప్రత్యేకముగా 14567 ఉన్నది. ఈ రెండు నెంబర్లు మా గుడి గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించితిమి.

ఆ పాఠము విని ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఆ పెద్దాయన "చాలనిపిస్తంది" అనినప్పుడు, "ఏం చాలనిపిస్తోంది పెద్దయ్యా?" అని నేను అడిగియుండిన, అతని తమ్ముని పేరు అప్పుడే వచ్చియుండును.

ఐదవ పాఠము నోరు కాచుకొనుట. ప్రాణాపాయమో, హింసయో యున్న తప్ప, విన్నమాట విన్నచోటనే ఉండవలెను. హింసింపబడుచున్నవారికి, పోషణ లేనివారికి 2007 నాటి చట్టమున్నది. బిడ్డలు తల్లిదండ్రులను పోషింపవలెనని అది ఆజ్ఞాపించుచున్నది. సబ్ డివిజను అధికారి స్థాయికి తగ్గని అధికారి ఎదుట ఫిర్యాదు చేసికొనవచ్చును. అయినను అది ఆ ముసలివారు కోరి వేయవలసిన అడుగు. మన నోటితో వీధిన పెట్టవలసినది కాదు.

ఇది చెప్పుట సులువు. మొదటి యేడే మేము తప్పిపోయితిమి. తన కొడుకు పింఛను డబ్బు తీసికొనుచున్నాడని ఒక అవ్వ మా వారిలో ఒకామెకు చెప్పుకొనెను. ఈమె జాలిపడియే బోరింగు దగ్గర మరియొకరితో అనెను. సాయంకాలమునకు ఊరంతయు తెలిసెను. కొడుకు తల్లిమీద కేకలు వేసెను. అవ్వ తలుపు మూసికొనెను. నేను వెళ్లి క్షమాపణ అడిగినను తలుపు తీయలేదు. ఈ పని ఇంతటితో ఆపివేయవలెనని నాకు తోచెను.

ఆ మాట జారవిడిచిన ఆమె మాత్రము ఆపలేదు. ప్రతి శుక్రవారము వెళ్లి, "మామ్మగారూ, నేనే తప్పుచేశాను" అని ఒక్కమాట చెప్పి, అరగంట మెట్టుమీద కూర్చుండి వచ్చుచుండెను. నాలుగు నెలలు అట్లు జరిగెను. ఒకనాడు లోపలినుండి, "ఎండలో కూర్చున్నావు, లోపలికి రా" అని మాట వినబడెను. ఆ అవ్వ మరల ఆమెతో డబ్బు సంగతి ఎత్తలేదు. ఎత్తునో లేదో. కాని తలుపు తెరచెను. నేను 25 ఏండ్లుగా పశ్చాత్తాపమును గూర్చి ప్రసంగించుచున్నాను. దాని రూపము ఆ మెట్టుమీద చూచితిని.

ఇక చివరి సంగతి. ప్రక్కపల్లెలోని ఆ తమ్ముని కొరకు ఎవరు వెళ్లవలెనని మేము ప్రార్థించితిమి. నేను వెళ్లుటకు సిగ్గుపడితిని. టైలరు అబ్బాయి వెళ్లెను. మొదటి నెలలు ఆ వృద్ధుడు గట్టు కథ తప్ప మరియొకటి చెప్పలేదట. కొలతలు, కరణము, సాక్షులు, అంతయు. అబ్బాయి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, నేనేం చెప్పాలి?" అని అడిగెను. "ఏమీ చెప్పకు, మళ్లీ వెళ్లు" అంటిని. అతడు మరల వెళ్లెను. కొన్ని నెలలకు కథ మారినది. గట్టుకు ముందరి దినములు వచ్చినవి. అన్న తనను భుజముమీద ఎక్కించుకొని వాగు దాటించిన సంగతి వచ్చినది.

2024లో క్రిస్మసు దాటిన తరువాత ఒకనాడు ఆయన, "నన్ను మా అన్న కాడికి తీసుకుపోతావా అబ్బాయీ?" అని అడిగెనట. నేను వేరొక గ్రామములో ఉంటిని. అబ్బాయి ఆటో పిలిచి, ఆయనను చేయిపట్టి మా సమాధుల దొడ్డికి తీసికొనిపోయెను. ఆ ముసలివాడు అన్న సమాధి యొద్ద గంటసేపు కూర్చుండెను. మాటలాడెను కూడను. అబ్బాయి ప్రక్కననే యుండెను.

ఈ మాట నాకు రెండు దినముల తరువాత తెలిసెను. నేను ఆత్రముతో, "ఏమన్నాడు?" అని అడిగితిని. అబ్బాయి తల వంచుకొని, "అది తాత మాట అయ్యగారూ" అని ఊరకుండెను.

నేను మరల అడుగలేదు. వాడు నాకంటె బాగుగా నేర్చుకొనెనని దేవుని స్తుతించితిని.

చదువరులారా, మీ సంఘములో ఏడుగురు లేకపోవచ్చును. నర్సమ్మగారు దొరకకపోవచ్చును. ఒక్కరు చాలును. ఈ వారము ఒక ముసలివారి యింటికి వెళ్లుడి. పండ్లు తీసికొనిపోయినను మంచిదే, పోకపోయినను మంచిదే. కూర్చుండుడి. ప్రార్థన ముందు చేయకుడి. విన్న తరువాత చేయుడి. దేని కొరకు ప్రార్థింపవలెనో అప్పుడు తెలియును. లేచి చెప్పులు తొడుగుకొనుచుండగా వారు "ఇంకొక మాట" అనినయెడల, చెప్పులు విడిచి మరల కూర్చుండుడి. ఆ మాట కొరకే ప్రభువు మిమ్మును అక్కడికి పంపియుండవచ్చును.

మనము తలనెరసిన దినమున మన ప్రక్కన కూర్చుండుటకు ఎవరినైనను ఆయన లేపును గాక. అంతవరకు మనలను ఆ పనికి వాడుకొనును గాక. ఆమేన్.